చంద్రగిరి కోట: పచ్చిక దాటి నాలుగడుగులు



ఆదివారం సాయంత్రం పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోదామా అని తిరుపతి ఇళ్ళలో మాట వస్తే ముందుగా నోట వచ్చే ఊళ్ళలో చంద్రగిరి ఒకటి. తిరుపతి ఊరి నడుమ కాళ్ళు చాపుకుని కూర్చునే విశాలమైన చోటు తక్కువ. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధులు ఏడాది పొడుగునా యాత్రికులతో కిటకిటలాడుతుంటాయి. అందుకే చిత్రాన్నం డబ్బా, నీళ్ళ సీసా, ఒక దుప్పటి సంచిలో పెట్టుకుని జనం చిత్తూరు రోడ్డు పడతారు. పదిహేను కిలోమీటర్ల లోపు ప్రయాణం. రాజమహల్ ముందు పచ్చిక మీద దుప్పటి పరిచి కూర్చుంటే వెనక బండరాతి కొండ, ఎదురుగా మూడంతస్తుల మేడ, చుట్టూ పరుగులు పెట్టే పిల్లలు.

బెంగళూరుకు లాల్‌బాగ్ ఎట్లాగో, హైదరాబాదుకు బాగే ఆమ్ ఎట్లాగో, తిరుపతికి ఈ కోట ఆవరణ అట్లాగ. అయితే ఆ రెండూ తోటలుగానే పుట్టాయి. చంద్రగిరి మాత్రం ఒకప్పుడు విజయనగర సామ్రాజ్యానికి రాజధాని. రాజులు పోయి, సైన్యాలు పోయి, ఊరు పలచబడ్డాక, పురావస్తు శాఖ చేతికి వచ్చి పచ్చికలతో, నడక దారులతో ఇలా తోట రూపం తెచ్చుకుంది. లాల్‌బాగ్‌కు 1760లో పునాది వేసిన హైదర్ అలీయే 1782లో ఈ కోటను పట్టుకున్నాడన్నది కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగ్గ సంగతి.

ఇక్కడికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. తిరుపతివాళ్ళు సాయంత్రపు గాలికి వస్తారు. దూరప్రాంతాల యాత్రికులు కొండ మీద దర్శనం ముగించుకుని, తిరుగు రైలుకు ఇంకా సమయముంటే, కారు మాట్లాడుకుని అరగంట కోసం వస్తారు. ఎవరు వచ్చినా ఎక్కువమంది టికెట్ కొని, మహల్ ముందు ఫొటో దిగి, మ్యూజియంలో ఒక చుట్టు చుట్టి వెనక్కి తిరుగుతారు. వాళ్ళు చూసింది కోటలో ఒక మూల. చంద్రగిరి అంటే ఒక మేడ కాదు, మొత్తం ఒక నగరం. ఆ నగరం అర్థం కావాలంటే కారు దిగి, ఊరి వైపు నుంచి నడిచి లోపలికి రావాలి.

అలా నడిచి వచ్చేవారికి మొదట ఎదురయ్యేది గోడ. ఏనుగంత బండలు, పిల్లవాడు ఎత్తగలిగే ముక్కలు, ఒకదాని వంపులో ఒకటి ఒదిగి నిలబడి ఉంటాయి. నడుమ సున్నం లేదు, మట్టి లేదు. పెద్ద బండ కిందికి, చిన్నది సందులోకి. దగ్గరికి వెళ్ళి చూస్తే రాయిని చీల్చడానికి వేసిన ఉలి గంట్లు వరసగా కనిపిస్తాయి. ఒక వరసలో గంట్లు పెట్టి, వాటిలో మేకులు దిగగొట్టి, బండ తనంతట తాను నిలువునా పగిలేదాకా కొట్టేవారు. ఆ పగిలిన ముఖమే బయటికి పెట్టి గోడలో కూర్చోబెట్టేవారు.

"నాయనా, ఈ గోడకి సిమెంటు ఏదీ?" అని పిల్లలు అడుగుతారు. "లేదురా, రాయి మీద రాయి నిలబెట్టినారు" అని పెద్దలు చెప్తారు. ఆ జవాబులో తప్పేమీ లేదు. బరువే బంధనం. ఈ గోడ వెంబడి ఒకప్పుడు అగడ్త ఉండేది. ఇంకో వైపు కాపలా అక్కర్లేదు. దాదాపు 183 మీటర్ల ఎత్తున నిలబడిన ఒంటి గుండుకొండే అటు గోడ. కొండ దక్షిణపు వాలులో నగరాన్ని పెట్టి, మిగిలిన మూడు దిక్కులా గోడ చుట్టారు. ఈ చోటును ఎంచుకున్నవాడికి యుద్ధం తెలుసు, నీళ్ళూ తెలుసు. కొండ మీద పడిన వాన వాలు వెంట కిందికి జారి చెరువులోకి చేరుతుంది. కొంచెం దూరంలో స్వర్ణముఖి నది.

పురావస్తు శాఖ చెప్పే ప్రకారం ఇక్కడ కోట కట్టినవాడు ఇమ్మడి నరసింహ యాదవరాయలు, క్రీస్తుశకం 1000 ప్రాంతంలో. మూడు శతాబ్దాల పాటు యాదవరాయల చేతిలో ఉండి, 1367లో విజయనగరం కిందికి వచ్చింది. అప్పటికి ఇది సరిహద్దు కోటల్లో ఒకటి మాత్రమే. దాని దశ తిప్పినవాడు సాళువ నరసింహరాయలు.

సాళువ నరసింహుడి కథ చంద్రగిరిని వదిలి చెప్పడానికి వీల్లేదు. పదిహేనో శతాబ్ది నడుమ నుంచి అతను ఇక్కడి ప్రభువు. తిరుమలలోనూ కింద తిరుపతిలోనూ రామానుజకూటాలు పెట్టించి, వచ్చిన శ్రీవైష్ణవులకు అన్నం పెట్టే ఏర్పాటు చేశాడు. వాటి బాధ్యత కందాడై రామానుజ అయ్యంగారుకు అప్పగించాడు. కొండ మీద ఈనాడు రోజూ వేలాదిమందికి జరిగే అన్నదానం గురించి మాట్లాడేవాళ్ళు చంద్రగిరి ప్రభువు పెట్టించిన ఆ కూటాలను కూడా తలచుకోవాలి. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినీభారతాన్ని అంకితమిచ్చింది ఈయనకే. 1485లో, సంగమ వంశంలో చివరి రాజు చేతకానితనంతో రాజ్యం చేజారుతుంటే, నరసింహుడి సేనాని తుళువ నరసనాయకుడు విజయనగరంలోకి నడిచివెళ్ళి సింహాసనాన్ని స్వాధీనం చేసుకున్నాడు. ఆ విధంగా చంద్రగిరి ప్రభువు చక్రవర్తి అయ్యాడు. ఆ నరసనాయకుడి కొడుకే శ్రీకృష్ణదేవరాయలు.

కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతరాయలు ఈ కోటలోనే నిర్బంధంలో ఉండేవాడని ఆ కాలపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసి పెట్టాడు. రాజవంశంలో సింహాసనానికి పోటీ రాగలవాళ్ళను దూరపు కోటలో కాపలా మధ్య ఉంచడం ఆనాటి పద్ధతి. 1529లో అన్న చనిపోయాక కోట తలుపు తెరుచుకుంది. బందీగా ఉన్న మనిషి బయటికి వచ్చి ముందు తిరుమలలో, ఆపైన శ్రీకాళహస్తిలో పట్టాభిషేకం చేసుకున్నాడు. రెండూ ఈ కోటకు చేరువలోని క్షేత్రాలే. ఇప్పుడు సెలవురోజున వచ్చి కాళ్ళు చాపుకునే ఈ ఆవరణ ఒకనాడు ఒక రాజకుమారుడికి దాటరాని హద్దు.

ఇక రాజమహల్.

పచ్చిక మీద నుంచి చూస్తే మూడు వరసల కమానులు, వాటి పైన గోపురం తీరున మెట్లుమెట్లుగా ఎదిగిన శిఖరాలు. కమానులు దక్కను సుల్తానుల కట్టడాల నుంచి వచ్చాయి. శిఖరాలు గుడి నుంచి వచ్చాయి. హంపీలో కమల్ మహల్ చూసినవాళ్ళకు ఈ కలయిక వెంటనే తెలుస్తుంది. తళ్ళికోట యుద్ధంలో ఎవరితో పోరాడి విజయనగరం కూలిందో, వాళ్ళ మేస్త్రీల పనితనాన్ని ఆ రాజులే ఇష్టపడి తమ మేడకు పెట్టుకున్నారు. యుద్ధం వేరు, కంటికి నచ్చడం వేరు.

ఈ మేడలో నిలబడి చూడవలసిన ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఇందులో కట్టెముక్క వాడలేదు. రాయి, ఇటుక, డంగుసున్నం, అంతే. దూలం లేదు, వాసం లేదు. పైకప్పు బరువునంతా కమానులూ, వాటి మీద కట్టిన ఇటుక గుమ్మటాలూ మోస్తాయి. హంపీలో చక్రవర్తుల మేడలు కట్టిన చోట ఈనాడు రాతి అరుగులే మిగిలాయి. వాటి పైభాగాలు చెక్కతో కట్టినవి కాబట్టి 1565 తర్వాత మంటల్లో పోయాయి. చంద్రగిరి మేడకు ఆ గతి పట్టలేదు. కాలడానికి చెక్క లేదు, తినడానికి చెదపురుగుకు దొరికిందీ లేదు. నాలుగు వందల ఏళ్ళ తరువాత పిల్లలు రెండో అంతస్తు కమానులోంచి కిందికి చేతులు ఊపుతున్నారంటే ఆ మేస్త్రీల పుణ్యం.

డంగుసున్నం తయారీ గురించి ఒక మాట చెప్పుకోవాలి. కాల్చిన సున్నాన్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఇసుక కలిపి, గుండ్రటి రాతి గానుగలో ఎద్దులతో తిప్పించి వెన్నలాగా నూరేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లపు నీళ్ళు పోసేవారు. దానితో గోడ పూసి, గుండ్రాయితో గంటల తరబడి రుద్దితే అద్దం తేలినట్టు నున్నబడేది. చిత్తూరు జిల్లాలో పాత ఇళ్ళు కట్టిన ముసలి మేస్త్రీలకు ఈ పని ఇంకా తెలుసు. మహల్ లోపల ఆ పూత మిగిలిన చోట అరచేతితో తడిమితే చల్లగా తగులుతుంది. ఎండాకాలంలో బయట నలభై డిగ్రీలున్నా గోడల మందం, పైకప్పు ఎత్తు, నాలుగు వైపులా కమానుల్లోంచి వీచే గాలి కలిసి లోపల వేడి తగ్గిస్తాయి.

పంతొమ్మిదో శతాబ్దిలో ఈ మేడ ఒక ఇంగ్లీషు ఆర్కిటెక్ట్‌ను ఆకట్టుకుంది. మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్‌ను కట్టిన రాబర్ట్ చిషోం 1883లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో చంద్రగిరి పాత మేడ గురించి వ్యాసం రాశాడు. మెరీనా తీరాన సెనేట్ హౌస్ గుమ్మటాలు చూసిన తెలుగువాళ్ళు ఎందరో ఉంటారు. హిందూ, ముస్లిం కట్టడాల పోకడలను కలిపి కొత్త భవనాలు కట్టిన మనిషి, ఆ కలయికను అంతకు మూడు వందల ఏళ్ళ ముందే చేసి చూపిన మేడను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాడు.

రాజమహల్ లోపల ఇప్పుడు పురావస్తు శాఖవారి మ్యూజియం ఉంది. రాతి శిల్పాలు, లోహ విగ్రహాలు, రాయలసీమ నలుమూలల నుంచి తెచ్చినవి: గండికోట, యాగంటి, గుడిమల్లం. గుడిమల్లం పేరు విని కొందరు అక్కడి సుప్రసిద్ధ శివలింగం ఇక్కడే ఉందనుకుంటారు. కొన్ని పుస్తకాల్లోనూ అలాగే అచ్చయింది. అది నిజం కాదు. ఆ గుడి శిథిలాల్లో దొరికిన ఇతర శిల్పాలు చంద్రగిరికి వచ్చాయి. అసలు లింగం మాత్రం ఏర్పేడు దగ్గర గుడిమల్లం పరశురామేశ్వరుడి గర్భాలయంలోనే, నిత్యపూజలందుకుంటూ ఉంది. క్రీస్తు పుట్టక ముందటిదని ఎక్కువమంది పండితులు లెక్కగట్టిన లింగం అది. మ్యూజియంలో ఆ ఊరి శిల్పాలు చూసినవారు మరో రోజు అక్కడికి వెళ్ళి మూలమూర్తిని చూస్తేనే ఆ ప్రయాణం నిండుతుంది.

రాజమహల్ పక్కనే రాణిమహల్. రెండంతస్తులు. పక్కదాని ఆడంబరం దీనికి లేదు. కింది అంతస్తు మరీ సాదాగా ఉంటుంది. పేరు చూసి రాణివాసం అనుకుని, పట్టుపరదాలు ఊహించుకుని వచ్చేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆ కింది గదుల తీరు గమనిస్తే మంచిది. రాజమహల్, రాణిమహల్ అన్నవి తరువాతి తరాల జనం నోట స్థిరపడ్డ పేర్లు. కట్టించినవాళ్ళు ఏ అవసరానికి కట్టించారో గోడలను బట్టి ఊహించుకోవాలి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగకూడదు. కోట లోపల శైవ, వైష్ణవ ఆలయాలు ఎనిమిది శిథిలావస్థలో ఉన్నాయి. పొదల మధ్య ఒకటి, బండ పక్కన ఒకటి. లోపల దేవుడు లేడు, దీపం లేదు. కాని స్తంభాల మీద విజయనగరపు శిల్పి చేయి ఇంకా పలుకుతుంది. శివుడి గుడి, విష్ణువు గుడి ఒకే కోటగోడ లోపల ఉన్నాయంటే ఇక్కడ రాజు ఒక్కడే లేడని అర్థం. పూజారులున్నారు, పూలు కట్టేవాళ్ళున్నారు, నూనె తీసే గానుగలవాళ్ళున్నారు, కావలివాళ్ళున్నారు, వాళ్ళ పిల్లలున్నారు. అన్నిటికంటే ముందు ఇది ఊరు. ఆ పాడుబడ్డ గుళ్ళ దాకా నడిచినవాళ్ళకే రాజమహల్ ఎక్కడ నిలబడి ఉందో తెలుస్తుంది. గోడ నుంచి గుడికి, గుడి నుంచి మేడకు, మేడ నుంచి చెరువుకు, చెరువు నుంచి కొండకు నగరం ఒక వరసలో కూర్చి ఉంది. పచ్చిక మీద కూర్చున్నవాళ్ళకు ఆ వరస కనిపించదు.

ఇక్కడొక కోరిక చెప్పుకోవాలి. పచ్చిక నుంచి ఆ గుళ్ళ దాకా చక్కని కాలిబాట ఒకటి సాగి, ప్రతి గుడి ముందూ తెలుగులో నాలుగు వాక్యాలు చదువుకునే వీలుంటే ఎంత బాగుంటుంది! తిరుపతి బడిపిల్లలు విహారయాత్రకు వచ్చి మహల్ ముందు వరసగా నిలబడి ఫొటో దిగి పోకుండా, గోడ దగ్గర మొదలుపెట్టి గంటసేపు నడిస్తే వాళ్ళ చరిత్ర పాఠం కాళ్ళకు కూడా గుర్తుంటుంది. మేడ గోడల మీద పేర్లు గీకే చేతులు కూడా ఆ విధంగానే ఆగుతాయి. ఎవరు కట్టారో తెలిసిన గోడ మీద మేకుతో గీయడానికి మనసు ఒప్పదు. గీసిన గీత నాలుగు వందల ఏళ్ళ పూతను ఊడగొడుతుంది. మళ్ళీ పూయడానికి ఆ మేస్త్రీ లేడు.

చంద్రగిరి రాజధాని అయిన కాలం గురించి చెప్పుకుందాం. 1565లో రాజధాని హంపీ పాడైన తరువాత విజయనగరాన్ని ఏలే అరవీటి వంశం పెనుకొండకు తరలింది. గోల్కొండ సైన్యాలు పెనుకొండ మీదికి కూడా రావడంతో 1592 ప్రాంతంలో రాజధాని ఇంకా దక్షిణానికి, చంద్రగిరికి జరిగింది. అప్పటి రాజు రెండో వేంకటపతిరాయలు, 1586 నుంచి 1614 దాకా పాలించినవాడు. చితికిన రాజ్యాన్ని మళ్ళీ కూడగట్టినవాడు. విజయనగర రాజులు దానపత్రాల చివర శ్రీవిరూపాక్ష అని చేవ్రాలు చేసేవారు. ఈయన కాలానికి ఆ చోట శ్రీవేంకటేశ అని వచ్చింది. నాణేల మీద కూడా వేంకటేశ్వరుడి మూర్తే. రాజధాని తుంగభద్ర ఒడ్డు నుంచి శేషాచలం పాదాల దగ్గరికి వచ్చేసరికి రాజ్యపు కులదైవం కూడా మారిపోయాడు.

ఈ రాజు దగ్గరికి 1598లో మైలాపూరు శాంథోమ్ నుంచి జెస్యూట్ పాద్రీలు వచ్చారు. రాజు గురువు తాతాచార్యులు, ఇంట నిత్యం వేంకటేశ్వర సేవ. అయినా వచ్చినవాళ్ళను ఆదరించి కూర్చోబెట్టి మాట్లాడాడు. వాళ్ళ బృందం నుంచి ఒక చిత్రకారుడు కూడా తరువాత వచ్చి ఆస్థానంలో పనిచేశాడు. యూరోపు పద్ధతిలో నూనెరంగులతో వేసిన బొమ్మలను రాయలు ఆసక్తిగా చూసి, అందులోని కథ ఏమిటని అడిగేవాడని పాద్రీల ఉత్తరాలు చెబుతున్నాయి. ఆ ఉత్తరాలు గోవాకు, అక్కడి నుంచి రోముకు వెళ్ళాయి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరు ఆ కాలంలో యూరోపు పాద్రీల నోళ్ళలో నానింది. తరువాత రాజు రాజధానిని వేలూరికి మార్చాడు. చంద్రగిరి మాత్రం రాజవంశానికి ముఖ్యమైన కోటగా నిలిచింది.

ఈ వేంకటపతిరాయల్ని చూడాలనుకునేవాళ్ళకు అవకాశముంది. తిరుమలలో మహాద్వారం దాటగానే కృష్ణరాయ మండపం వస్తుంది. క్యూలో తోపులాట మధ్య ఎక్కువమంది తల తిప్పకుండా దాటిపోతారు. అక్కడ ఒక వైపు తిరుమలదేవి, చిన్నాదేవులతో చేతులు జోడించిన కృష్ణదేవరాయలు. ఎదుటి వైపు రాగి విగ్రహంగా వేంకటపతిరాయలు, రాతి విగ్రహాలుగా అచ్యుతరాయలు, వరదాజమ్మ. చంద్రగిరిలో బందీగా ఉన్నవాడు, చంద్రగిరి నుంచి ఏలినవాడు పక్కపక్కనే నిలబడి ఉన్నారు. 1513కూ 1521కూ మధ్య ఏడుసార్లు కొండెక్కిన కృష్ణరాయలు వాళ్ళకెదురుగా ఉన్నాడు. కోట చూసి కొండకు వెళ్ళేవాళ్ళకు ఆ మండపంలో ముఖాలు పరిచయమైనవిగా కనిపిస్తాయి.

మద్రాసు నగరానికి కూడా ఇక్కడ ఒక వేరు ఉంది. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే, దామెర్ల వేంకటప్ప నాయకుడి దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ఇసుక పట్టె సంపాదించాడు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరుతోనే చెన్నపట్నం వెలసింది. దామెర్లవారు అరవీటి రాయల కింది నాయకులు. 1645లో మూడో శ్రీరంగరాయలు ఆ దానాన్ని ఖాయం చేశాడు. కంపెనీకి ఆ భూమినిచ్చిన పత్రం రాజమహల్లోనే రాశారని చంద్రగిరి వాళ్ళు చెప్పుకుంటారు. ఈ మాట ఊళ్ళో ఎంత గట్టిగా నిలిచిందంటే, మద్రాసు నుంచి వచ్చిన బంధువులకు మేడ చూపించేటప్పుడు ముందుగా చెప్పే కబురు ఇదే. "మీ ఊరికి పత్రం మా ఊళ్ళో రాసినారు" అంటారు.

మరుసటి ఏడాదికే, 1646లో, కోట గోల్కొండ వశమైంది. ఆ తరువాత ఆర్కాటు నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చేతికి వచ్చింది. చంద్రగిరి చేతిలో ఉంటే తిరుపతి మీద పెత్తనం కూడా తనదే అన్నాడతను. గోవింద నామం తెలియని సైన్యాలు కూడా ఈ కోట కోసం ఎందుకు కొట్టుకున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కొండ మీద హుండీకి దారి కింది కోట ముందుగా పోతుంది. 1782లో హైదర్ అలీ వచ్చాడు. 1792లో శ్రీరంగపట్నం సంధి దాకా మైసూరు కింద ఉండి, ఆ తరువాత కోటగా దాని పని ముగిసింది.

కోట నిద్రపోయినా ఊరు నిద్రపోలేదు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో తాలూకా కేంద్రం. తిరుపతి ఆ చంద్రగిరి తాలూకాలో ఒక ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ తాలూకా ఇటు వచ్చింది. ఈలోపు 1886లో మునిసిపాలిటీ అయిన తిరుపతి పెరిగి, 2007లో నగరపాలక సంస్థ అయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా అయింది. ఇప్పుడు చంద్రగిరి తిరుపతి జిల్లాలో ఒక మండలం. ఒకప్పుడు ఎవరి తాలూకాలో ఎవరున్నారో ఈనాటి పిల్లలకు చెప్తే నమ్మరు.

కోట చూసిన తరువాత చుట్టుపక్కల చూడవలసినవి దూరం లేవు. తొండవాడ దగ్గర స్వర్ణముఖి, భీమ, కల్యాణి నదులు కలిసేచోట అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. ఊళ్ళో వాళ్ళు ముక్కోటి అంటే ఆ గుడే. నదుల్లో నీళ్ళు ఏడాది పొడుగునా ఉండవు. వాన పడిన ఏడు మాత్రం సంగమం నిండి కనువిందు చేస్తుంది.

అటు నుంచి శ్రీనివాసమంగాపురం. పెళ్ళయిన కొత్తలో పద్మావతితో కలిసి శ్రీనివాసుడు ఆరు నెలలు అగస్త్యుడి ఆశ్రమంలో ఉన్నాడని, ఆ చోటే ఇదని స్థలపురాణం. ఈ కల్యాణ వేంకటేశ్వరాలయాన్ని తిరిగి నిలబెట్టినవాడు అన్నమాచార్యుల మనుమడు తాళ్ళపాక చినతిరుమలాచార్యులు. 1540 నాటి శాసనం ఆ సంగతి చెబుతోంది. తిరుమలంత రద్దీ ఉండదు. ధ్వజస్తంభం దగ్గర నింపాదిగా కూర్చుని గోపురం చూడవచ్చు. కొత్తగా పెళ్ళయిన జంటలు ఇక్కడికి వచ్చి స్వామిని చూసుకుని పోవడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ.

అక్కడికి దగ్గరే శ్రీవారిమెట్టు. 2,388 మెట్లు. అలిపిరి దారికంటే చాలా తక్కువ దూరం, నిటారు ఎక్కువ. చంద్రగిరి ప్రభువులు కొండకు పోయింది ఈ దారినే అని ఇక్కడివాళ్ళ నమ్మకం. కోట నుంచి చూస్తే అది సహజమైన దారే. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా రాజైనా పేదైనా కొండ మీదికి వెళ్ళాలంటే నడవాలి, లేదా డోలీలో మోయించుకోవాలి. ఇప్పుడు కూడా తెల్లవారుజామున ఈ మెట్లెక్కే చంద్రగిరి వాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి ఫిర్యాదు చేయరు. "ఎక్కేటప్పుడే తెలుస్తాది అవ్వా, దిగేటప్పుడు స్వామి దించుతాడు" అని ముసలివాళ్ళకు ధైర్యం చెప్తారు.

సంక్రాంతికి వచ్చేవాళ్ళకు మరో ఆకర్షణ. కనుమ రోజుల్లో ఇదే మండలంలోని ఎ.రంగంపేటలో పశువుల పండగ జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, దేవుళ్ళ బొమ్మలూ నాయకుల బొమ్మలూ అతికించిన చెక్కపలకలు కట్టి వీధిలోకి వదులుతారు. రెండు వైపులా నిలబడిన కుర్రవాళ్ళు దూసుకుపోయే ఎద్దు కొమ్ముల నుంచి ఆ పలక లాక్కోవాలి. దెబ్బలు తగులుతాయి. చూడడానికి వెళ్ళేవాళ్ళు మేడ మీదనో మిద్దె మీదనో నిలబడాలి, వీధిలో కాదు.

తిండి విషయానికొస్తే, చిత్తూరు రోడ్డు పక్కన రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల చట్నీ దొరికే చిన్న హోటళ్ళు కనిపిస్తాయి. వేడి సంగటి ముద్దకు నడుమ గుంట చేసి పులుసు పోయించుకుని తినడం ఈ సీమ పద్ధతి. సీతాఫలాల కాలంలో, అంటే వానలు వెనకపడే రోజుల్లో, రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళ దగ్గర కొండపండు కొనుక్కోవచ్చు.

కోట చూడడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కొండ పచ్చగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది. తిరుపతి బస్టాండు నుంచి బస్సులు ఎప్పుడూ తిరుగుతుంటాయి. పాకాల, కాట్పాడి వైపు పోయే రైలు మార్గంలో చంద్రగిరి స్టేషను కూడా ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా చేరుకుంటే ముందు ఊరి వైపు నుంచి గోడ వెంట నడిచి, గుళ్ళు చూసి, ఎండ తగ్గేవేళకు మ్యూజియంలోకి రావచ్చు. మ్యూజియం సాయంత్రం ఐదింటికి మూస్తారు. పచ్చిక మీద దుప్పటి అప్పుడు పరుచుకోవచ్చు. చీకటి పడ్డాక పర్యాటక శాఖ నడిపే సౌండ్ అండ్ లైట్ షో ఉంటే చూసి తిరుగు బస్సు ఎక్కవచ్చు, వేళలు ముందుగా కనుక్కుని బయలుదేరాలి. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు.